1.4 చీటీ: సిర్రోసిస్‌లో టిప్స్ చేశాక ఒక కిడ్నీ ఎంతవరకు కోలుకుంది

పేషెంటు భార్య సంచీని బల్ల మీద బోర్లించేసరికి నాలుగేళ్ల కాగితాలు కుప్పగా పడ్డాయి. బట్టల కొట్టువాళ్లిచ్చే సంచీ అది. లోపల రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, మందుల చీటీలు, మధ్యలో ఒక కరెంటు బిల్లు కూడా. శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేసేవాళ్లకి ఈ సంచీలు అలవాటే. ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లయితే ఒక్క కాగితం కూడా పారెయ్యరు, వీధిలో ఎవరో ఒకరు కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లుంటారు కాబట్టి ఏ కాగితం ఎప్పుడు పనికొస్తుందో వాళ్లకి మనకంటే బాగా తెలుసు. ఈ కేసంతా ఆ కుప్పలో దొరికిన అరచేతంత చీటీ మీదే తిరిగింది.

పేషెంటుకి 52 ఏళ్లు. కవిటి వైపు ఒక పల్లె (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను). తోటల్లో కొబ్బరికాయలు బేరమాడి కొని, లెక్కపెట్టించి లారీకెక్కించే వ్యాపారం. పాతికేళ్లు తాగాడు, వేసవిలో తాటికల్లు, మిగతా రోజుల్లో బ్రాందీ. నా దగ్గరకి వచ్చేనాటికి మానేసి పద్నాలుగు నెలలైంది, ఇది నిజమేనని భార్యని విడిగా అడిగి తెలుసుకున్నా. సిర్రోసిస్ (కాలేయం మచ్చకట్టి గట్టిపడటం) అని తేలి రెండేళ్లు. ఒకసారి రక్తం కక్కుకుంటే అన్నవాహికలో ఉబ్బిన సిరలకి బ్యాండింగ్ చేశారు, తర్వాత మళ్లీ రక్తం పడలేదు. బాధంతా పొట్టలో నీరే. పది పన్నెండు రోజులకోసారి ఏడెనిమిది లీటర్లు తీయించుకోవాల్సి వస్తోంది.

"తీసీండి బాబూ, ఊపిరాడతంలేదు," ఇదే ఆయన మొదటి మాట. భార్య మాట వేరు. "పొట్ట తగ్గకపోయినా పర్లేదు బాబూ, డయాలసిస్ మాత్రం వద్దు. మా తమ్ముడు దాని మీదే పోనాడు." కిందటి రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే అంకె) 1.8 అని ఉండటం ఆవిడ చూసింది. ఉద్దానంలో చదువు రానివాళ్లు కూడా ఆ ఒక్క అంకె చదవగలరు.

పరీక్షలో తేలింది టూకీగా: నీరుతో కలిపి బరువు 63 కిలోలు, నీరు తీశాక 52. భుజాలు, దవడలు లోపలికి పోయాయి. బీపీ 96/60, అందుకని బీపీ తగ్గించే కార్వెడిలాల్ అప్పటికే ఆపేసి ఉంది. కాలేయం పని చెప్పే బిలిరుబిన్ (కామెర్ల అంకె) 1.9, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) 1.4, అల్బుమిన్ 2.6, సోడియం 131, ప్లేట్‌లెట్లు 82 వేలు. నీటి మాత్రల్లో స్పైరనోలాక్టోన్ 100 దాటిస్తే పొటాషియం పెరుగుతోంది, లాసిక్స్ (ఫ్రుసెమైడ్) పెంచితే క్రియాటినిన్ పెరుగుతోంది. పుస్తకంలో రిఫ్రాక్టరీ, అంటే మందులకి లొంగని నీరు అనాలంటే స్పైరనోలాక్టోన్ 400, ఫ్రుసెమైడ్ 160 మిల్లీగ్రాముల దాకా వెళ్లినా లొంగకపోవాలి, లేదా మందుల వల్లే ఇబ్బందులొచ్చి అంతదాకా వెళ్లలేకపోవాలి. మన దగ్గరకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకమే.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. "ఉప్పు తగ్గించానండీ, కూరలో వెయ్యడమే మానేశాం," అన్నారు. ఇంకో అయిదు నిమిషాలు మాట్లాడితే రాత్రి చద్దన్నంలోకి ఎండుచేప కాల్చుకుంటాడని తెలిసింది. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఎండుచేప ఉప్పు కిందికి రాదు, అది చేప, అంతే. రోజుకి అయిదు గ్రాముల ఉప్పు అని చీటీ మీద రాసిచ్చి పంపితే ఏం లాభం, ఏ పళ్లెంలో ఏముందో అడగాలి.

ఇప్పుడు అసలు చిక్కు. సిర్రోసిస్‌లో నీరు ఇలా మొండికేస్తే టిప్స్ గురించి ఆలోచిస్తాం. మెడ దగ్గర జగులర్ సిర నుంచి సన్నటి గొట్టం దింపి, కాలేయం లోపలి హెపాటిక్ సిర దాకా వెళ్లి, అక్కడి నుంచి కాలేయాన్ని పొడుచుకుని పోర్టల్ సిరలోకి చేరి, ఆ దారిలో పైపూత ఉన్న స్టెంట్ పెడతారు. పేగుల నుంచి వచ్చే రక్తం గట్టిపడ్డ కాలేయం దగ్గర ఆగిపోకుండా సరాసరి గుండెకి పోతుంది, పోర్టల్ ప్రెషర్ పడిపోతుంది. దాని వల్ల కిడ్నీ బాగుపడుతుందా, దెబ్బతింటుందా? సమాధానం ఆ 1.8 ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద ఉంటుంది.

ఒక దారి కాలేయం నుంచి. పోర్టల్ ప్రెషర్ పెరిగినకొద్దీ పేగుల చుట్టూ రక్తనాళాలు వెడల్పై రక్తమంతా అక్కడ నిలిచిపోతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువే ఉన్నా, ధమనుల్లో ప్రెషర్ చాలక ఒళ్లు ఎండిపోయిందనే కిడ్నీ అనుకుంటుంది. ఉప్పూ నీరూ పట్టి ఉంచే హార్మోన్లు రెనిన్, ఆల్డోస్టిరోన్, వాసోప్రెసిన్ అన్నీ లేస్తాయి. కిడ్నీకెళ్లే నాళాలు బిగుసుకుపోతాయి, ఉప్పుని ఒక్క రవ్వ కూడా వదలదు. కిడ్నీ కణజాలం చెడిపోలేదు, దానికి రక్తం అందడం లేదు. ఈ రకం ముదిరితేనే హెపటోరీనల్ అంటాం. టిప్స్ ఈ గొలుసుని మొదటి కొక్కెం దగ్గరే తెంపుతుంది కాబట్టి ఇలాంటి కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. టిప్స్ చేసినవాళ్లనీ, ఊరికే నీరు తీయించుకుంటూ ఉన్నవాళ్లనీ జతచేసి పోల్చినప్పుడు కూడా, ముందు ఇజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే లెక్క, ఎక్కువుంటే మంచిది) 60 కంటే తక్కువ ఉన్నవాళ్లకే టిప్స్ వల్ల ఎక్కువ లాభం కనిపించింది. వినడానికి తలకిందులుగా ఉంటుంది, కిడ్నీ బాగాలేనివాళ్లకే ఎక్కువ మేలు అంటే. కానీ బాగాలేకపోవడానికి కారణం పోర్టల్ ప్రెషరే అయినప్పుడు అందులో వింతేం లేదు.

రెండో దారి కిడ్నీ సొంత జబ్బు. షుగరు, బీపీ, గ్లోమరులస్ జబ్బులు, మన దగ్గరైతే ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం ఇదీ అని తేలకుండా నడుస్తున్న ఆ జబ్బు గురించి ఇక్కడ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు, హిరమండలం నుంచి తాగునీటి పైపులైను కూడా అప్పుడే మొదలైంది. ఉద్దానం జబ్బు కిడ్నీ గొట్టాల చుట్టూ మచ్చకట్టేది. బీపీ అంతగా ఉండదు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్లవాపు ఆలస్యంగా వస్తుంది. మచ్చకట్టిన దాన్ని స్టెంట్ ఏం చెయ్యగలదు?

హెపటోరీనల్ అని చెప్పాలంటే కిడ్నీలో సొంత జబ్బు లేదని చూపించాలి కదా, దానికి పెట్టిన గుర్తులు రోజుకి 500 మిల్లీగ్రాములకి మించి ప్రోటీన్ పోకపోవడం, మూత్రంలో ఎర్రకణాలు ఎక్కువ లేకపోవడం, అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు మామూలుగా ఉండటం. ఉద్దానం కిడ్నీ మొదటి రెండు పరీక్షలూ దర్జాగా పాసైపోతుంది. ఒక్క అల్ట్రాసౌండే పట్టుకోవాలి, అదీ కిడ్నీ కుంచించుకుపోయాకే. అంటే మన జిల్లాలో మూత్రం రిపోర్టు శుభ్రంగా ఉంది కాబట్టి ఇది కాలేయం పనే అని తీర్మానించడం ప్రమాదం. కేసు తర్వాత కేసు చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

మా పేషెంటుకి మూత్రంలో ప్రోటీన్ దాదాపు లేదు, కణాలు లేవు. అల్ట్రాసౌండ్‌లో కుడి కిడ్నీ 8.4, ఎడమది 8.6 సెంటీమీటర్లు, రెండూ కాస్త తెల్లగా. చిన్నవే, కానీ మరీ ముడుచుకుపోలేదు. మూడు రోజులు నీటి మాత్రలు ఆపి మూత్రంలో సోడియం చూస్తే 9. ఫ్రాక్షనల్ ఎక్స్‌క్రీషన్ (కిడ్నీ వడగట్టిన సోడియంలో మూత్రంలోకి వదిలే వాటా) లెక్కకడితే 0.18 శాతం. అంటే కిడ్నీ ఉప్పుని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. గొట్టాలు పూర్తిగా పాడైతే అంత పట్టు ఉండదు. ఒక పరీక్ష అటు లాగుతోంది, ఇంకోటి ఇటు.

అప్పుడు మళ్లీ సంచీ ముందేసుకున్నా. తేదీల వరసలో పేర్చుతుంటే అడుగున ఆ చీటీ దొరికింది. 2019లో వాళ్లూరి బళ్లో జరిగిన కిడ్నీ పరీక్షల క్యాంపుది. పసుపు మరక, మడతల దగ్గర చిరుగు, బాల్‌పెన్‌తో రాసిన పేరు, దాని కింద క్రియాటినిన్ 1.4. అప్పటికి పొట్టలో నీరు లేదు, కామెర్లు లేవు, సిర్రోసిస్ అన్న మాటే ఎవరూ అనలేదు. రోజుకి నాలుగైదు గంటలు తోటల్లో తిరిగేవాడు. "అప్పుడేమీ చెప్పలేదు బాబూ, నీళ్లు బాగా తాగమన్నారంతే," అంది ఆవిడ.

ఆ ఒక్క చీటీతో లెక్క చాలావరకు తేలింది. 1.4 ఉద్దానానిది. 1.4 నుంచి 1.8 దాకా కాలేయానిది, అందులో కొంత మన డాక్టర్ల నిర్వాకం కూడా. ఎందుకంటే మిగతా కాగితాల్లో ఇంకోటి కనిపించింది. ఆరు నెలల కిందట ఒకచోట ఒకే పూటలో ఆరు లీటర్లు తీసి, అల్బుమిన్ (రక్తంలో నీటిని పట్టి ఉంచే ప్రోటీన్) ఎక్కించకుండా పంపేశారు. తర్వాతి వారం రిపోర్టులో క్రియాటినిన్ 1.4 నుంచి 1.7కి ఎక్కింది, మళ్లీ దిగలేదు. అయిదు లీటర్లు దాటితే తీసిన ప్రతి లీటరుకీ 6 నుంచి 8 గ్రాముల అల్బుమిన్ ఇవ్వాలి, లేకపోతే రక్తప్రసరణ కుదేలై కిడ్నీ దెబ్బతింటుంది. ఎనిమిది లీటర్లు తీస్తే 20 శాతం అల్బుమిన్ వంద మిల్లీలీటర్ల సీసాలు మూడుకి తగ్గకుండా పడతాయి. సీసా ఒక్కోటి వేలల్లో ఉంటుంది కాబట్టి "ఈసారికి వద్దులే" అనేస్తారు, అది నాకూ తెలుసు. ఈ మధ్యలో నడుం నొప్పికని ఊళ్లో ఆర్ఎంపీ రెండుసార్లు డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది వేశాడు. సిర్రోసిస్ ఉన్నవాడికి ఆ సూది కిడ్నీ పీక నొక్కడమే.

నీటి మాత్రలు ఆపి రెండు రోజులు అల్బుమిన్ ఇచ్చి చూస్తే 1.8 కాస్తా 1.6 అయింది. ఊపిరి పీల్చుకున్నాం గానీ పన్నెండు రోజులకి పొట్ట నిండి మళ్లీ 1.8.

క్రియాటినిన్‌ని నమ్మడం మీద ఒక మాట. అది కండలోంచి వచ్చేది. ఈయనకి కండే లేదు. 1.8కి ఇజీఎఫ్ఆర్ 45 అని లెక్క వస్తోంది, అదే కండతో అంతగా పనిలేని ఇంకో కిడ్నీ రక్తపరీక్ష, సిస్టాటిన్-సి చేయిస్తే 2.1 వచ్చింది, దాని ప్రకారం 30. సిర్రోసిస్‌లో క్రియాటినిన్ ఎప్పుడూ కిడ్నీని ఉన్నదానికంటే బాగా చూపిస్తుంది. సిస్టాటిన్ శాంపిలు విశాఖ పంపాలి, ఖర్చు, ఆలస్యం, ప్రతిసారీ చేయించలేం. ఇలాంటి పెద్ద నిర్ణయానికి ముందు మాత్రం ఒక్కసారైనా చేయిస్తా.

ఇక మెల్డ్ స్కోరు, కాలేయ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే లెక్క, పెరిగినకొద్దీ ప్రమాదం. బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ మూడూ కలిపితే 18. ఈ స్కోరుని మొదట 2000లో మాయో క్లినిక్‌వాళ్లు తయారుచేసిందే టిప్స్ తర్వాత ఎవరు బతుకుతారో అంచనా వెయ్యడానికి, కాలేయ మార్పిడి వరసలోకి అది తర్వాత వచ్చి చేరింది. 18 అంటే టిప్స్‌కి చాలామంది వెనకాడే గీత. కానీ ఆ 18ని విప్పి చూడండి. క్రియాటినిన్ 1.0 అయి ఉంటే స్కోరు 13 దగ్గరే ఆగేది. మిగతాదంతా కిడ్నీ పోసిన మార్కులే. కాలేయం మటుకు చూస్తే బిలిరుబిన్ 3 లోపే, ప్లేట్‌లెట్లు 75 వేలు పైనే, ఈ రెండూ బాగున్నవాళ్లకి నీటి కోసం చేసిన టిప్స్ తర్వాత ఫలితాలు బాగుంటాయని తెలిసిందే. ఒకే 18 వచ్చిన ఇద్దరిలో ఒకరికి బిలిరుబిన్ వల్ల వచ్చి ఉంటే నేను టిప్స్ వద్దంటాను, ఇంకొకరికి కోలుకోగల కిడ్నీ వల్ల వచ్చి ఉంటే చేయించమంటాను.

ఎకో (గుండె స్కానింగ్) బాగుంది, ఊపిరితిత్తుల నాళాల్లో ప్రెషర్ ఎక్కువ లేదు. గుండె తట్టుకోలేకపోతే టిప్స్ ఆ రాత్రే ప్రాణం మీదకి తెస్తుంది కాబట్టి ఎకో లేకుండా ఈ మాటే ఎత్తకూడదు. నీటిలో ఇన్ఫెక్షన్ లేదు. మతి ఎలా ఉందో చూడటానికి రెండు చేతులూ చాపించి, అంకెలు వెనక్కి లెక్కపెట్టించి చూశా, చకచకా చెప్పాడు. లెక్కల మనిషి కదా.

ఆ ఇద్దరికీ ఎలా చెప్పాలో ముందురోజు రాత్రి ఆలోచించుకున్నా. "కాలవ పూడిపోయింది, నీరు పోయే దారి లేక పొలంలోకి ఎక్కేస్తోంది. పూడిక తియ్యడం మన వల్ల కాదు. గట్టు కిందనుంచి ఒక తూము వేస్తాం," అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి తూమేస్తే కింద పొలానికి నీరెక్కువైపోదేటి బాబూ?" అని అడిగాడు. మెడికల్ కాలేజీలో ఫైనలియర్ పిల్లలు కూడా ఇంత సూటిగా అడగరు. ఎక్కువవుతుంది. కాలేయంలో శుభ్రపడాల్సిన అమోనియా నేరుగా తలకెళ్తుంది, గుండెకీ ఒక్కసారిగా రక్తం ఎక్కువవుతుంది. రష్యాలో ఎక్ అనే ఆయన 1877లో కుక్కలకి పోర్టల్ సిరని నేరుగా పెద్ద సిరకి కలిపాడు, తర్వాత పావ్లోవ్ దగ్గర అలాంటి కుక్కలు మాంసం తిన్నాక తిక్కతిక్కగా ప్రవర్తించాయి. ఆపరేషన్‌తో షంట్లు వేసిన రోజుల్లోనూ అదే చూశారు, రక్తం కక్కడం ఆగింది గానీ మతి తప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నూట యాభై ఏళ్లయినా ఆ బేరం మారలేదు, మనం చెయ్యగలిగింది తూము సైజు తగ్గించడమే.

కిడ్నీ గురించి కూడా దాచలేదు. "1.8 నుంచి కొంత దిగొచ్చు. 1.4 కంటే దిగుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మొదటివారం పెరిగినా కంగారుపడొద్దు." ఆవిడ "డయాలసిస్ రాదని రాసిస్తారా?" అంది. రాసివ్వలేనన్నాను. కాలేయ మార్పిడి గురించీ చెప్పాను, అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించే ఊసూ ఎత్తాను, ఒకవేళ అక్కడిదాకా వెళ్తే కాలేయం ఒక్కటేనా, కిడ్నీ కూడా కలిపా అనే ప్రశ్న వస్తుందని కూడా. అదంతా వాళ్లకి చాలా దూరంలో కనబడింది. సోంపేటలో రైలెక్కి విశాఖ వెళ్లిరావడమే వాళ్లకి రెండు రోజుల పని.

టిప్స్ విశాఖలో చేశారు. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుతో ఫోన్లో నేను అడిగింది రెండే: ఎక్స్‌రేలో నాళాలు కనబడటానికి ఎక్కించే, కిడ్నీకి పడని రంగు మందు వీలైనంత తక్కువ, స్టెంట్ మొదట 8 మిల్లీమీటర్లకే విప్పడం. ఆయన పోర్టల్ సిర వెతకడానికి కార్బన్ డయాక్సైడ్ వాడాడు, రంగు మందు చివర్లో కొంచెమే. పోర్టల్ సిరకీ గుండెకెళ్లే సిరకీ మధ్య ప్రెషర్ తేడా 21 నుంచి 8కి పడింది. రెండు వారాల ముందు నుంచే రిఫాక్సిమిన్ (మతి తప్పకుండా ఇచ్చే, పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్) మొదలుపెట్టి ఉంచాం. టిప్స్‌కి 14 రోజుల ముందు మొదలెట్టి దాదాపు ఆరు నెలలు ఇస్తే మతి తప్పే ఎపిసోడ్ వచ్చినవాళ్లు 53 శాతం నుంచి 34 శాతానికి తగ్గారని ఫ్రాన్స్‌లో చేసిన ట్రయల్ 2021లో వచ్చింది, అప్పటి నుంచి నేను ఆ పద్ధతే.

నాలుగో రోజు క్రియాటినిన్ 2.1.

చెప్పడం తేలికే "మొదటివారం పెరగొచ్చు" అని. వాట్సాప్‌లో ఆ అంకె చూసినప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది. తక్కువే అయినా రంగు మందు పడింది, పన్నెండు గంటలు ఏమీ తినలేదు, పైగా టిప్స్ ఫలితం కిడ్నీకి వెంటనే అందదు. రెనిన్, ఆల్డోస్టిరోన్ దిగడానికి, కిడ్నీ ఉప్పు వదలడం మొదలెట్టడానికి వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలో కుటుంబం "ఆపరేషన్ ఫెయిలైంది" అనుకుంటుంది, కొందరు డాక్టర్లు కూడా కంగారుపడి లాసిక్స్ పెంచేస్తారు. మేం నీటి మాత్రలు పూర్తిగా ఆపేసి, ఊపిరితిత్తులు వింటూ కొద్దికొద్దిగా అల్బుమిన్ ఇచ్చాం. రెండో రాత్రి కాస్త ఆయాసపడ్డాడు, అందుకని అంతకంటే అల్బుమిన్ ఎక్కించలేదు. తొమ్మిదో రోజుకి 1.8.

మూడు వారాలకి మూత్రంలో సోడియం 46. ఆ కాగితం చూసినప్పుడు మా ల్యాబ్ కుర్రాడిని పిలిచి టీ ఇప్పించా. తొమ్మిది నుంచి నలభై ఆరు అంటే కిడ్నీ పిడికిలి విప్పింది. నెలన్నరలో ఒక్కసారే నీరు తీయాల్సొచ్చింది, మూడు లీటర్లు. మూడో నెలకి పొట్ట పూర్తిగా తగ్గింది, క్రియాటినిన్ 1.5.

అయితే మధ్యలో అయిదో వారం సంగతి ఉంది. రాత్రి పదింటికి ఫోన్. "మనిషి బాగానే ఉన్నాడు బాబూ, కాయలు లెక్కెట్టలేకపోతన్నాడు." తోటలో కుప్ప దగ్గర నిలబడి నలభై దాకా వచ్చి మళ్లీ పదకొండు అంటున్నాడట, కూలీలు నవ్వుకున్నారట, ఆయనకి కోపమొచ్చి ఇంకో కుప్ప దగ్గరకి వెళ్లి అక్కడా అంతే. చెప్పులు తారుమారుగా వేసుకుని ఇంటికొచ్చాడు. ఎన్‌కెఫలోపతికి, అంటే కాలేయం వల్ల మతి తప్పడానికి, ఇంత చక్కటి టెస్ట్ ఏ పుస్తకంలోనూ లేదు. తెల్లారి తీసుకొచ్చారు, చేతులు చాపమంటే మణికట్లు పక్షి రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. కారణం దొరకడానికి పెద్దగా వెతకలేదు: "ఆ తీపి మందు తాగితే తోటలో పదిసార్లు పరిగెత్తాలొస్తంది" అని లాక్టులోజ్ (విరేచనం చేయించి అమోనియాని బయటకి పంపే మందు) మానేశాడు, నాలుగు రోజులు విరేచనం లేదు. ఎనీమా, లాక్టులోజ్, రెండు రోజుల్లో మామూలయ్యాడు. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లలో టిప్స్ తర్వాత ఇది ఎక్కువ, కాబట్టి కిడ్నీ ఎవరిది బాగాలేదో వాళ్లకి లాక్టులోజ్ గురించి రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చెప్పాలి. నేను రెండుసార్లే చెప్పాను. ఎంత తాగాలో మిల్లీలీటర్లలో కాకుండా "రోజుకి రెండు మూడుసార్లు మెత్తగా అవ్వాలి, అంతకంటే ఎక్కువైతే తగ్గించు" అని చెప్పి ఉంటే ఆయన మానేసేవాడు కాదు.

ఆరో నెలలో బరువు 56, నీరు లేకుండా. దవడలు నిండాయి. క్రియాటినిన్ 1.5 దగ్గరే ఆగింది, ఇజీఎఫ్ఆర్ 56. సిస్టాటిన్-సి 2.1 నుంచి 1.7కి, దాని ప్రకారం 30 నుంచి 40. ఇక్కడ ఒక చిన్న మెలిక గమనించండి, కండ పెరిగితే క్రియాటినిన్ పెరగాలి. నాలుగు కిలోల మనిషి కొత్తగా వచ్చినా 1.5 దాటలేదంటే కిడ్నీ నిజంగానే బాగుపడింది. బిలిరుబిన్ మాత్రం 2.3కి వెళ్లింది, టిప్స్ తర్వాత కొంత పెరగడం మామూలే. మెల్డ్ కడితే 17. అంటే మంచం మీంచి తోటలోకి వెళ్లిన మనిషికి స్కోరు పడింది ఒక్క పాయింటు.

1.5ని 1.3 చెయ్యాలని నేను ప్రయత్నించలేదు. 2019 చీటీ లేకపోయి ఉంటే ప్రయత్నించేవాడినేమో, స్టెంట్ ఇంకా వెడల్పు చేయిద్దామని విశాఖకి పంపేవాడినేమో, అప్పుడు కాయల లెక్క శాశ్వతంగా పోయేది. ఎక్కడ ఆగాలో ఆ చీటీ చెప్పింది.

ఇదే సమయంలో బొబ్బిలి దగ్గర నుంచి వచ్చిన ఒకావిడ గురించి కూడా రాయకపోతే ఈ కథ మరీ తియ్యగా ఉంటుంది. 63 ఏళ్లు, పదిహేనేళ్ల షుగరు, కొవ్వు పట్టి ముదిరిన కాలేయం, క్రియాటినిన్ 2.2, మూత్రంలో రోజుకి రెండు గ్రాములకి పైగా ప్రోటీన్, కంటి వెనక పొరలో షుగరు మచ్చలు. కిడ్నీ షుగరుదేనని గుడ్డివాడికైనా తెలిసే కేసు. నీరు భరించలేక, ఇంకో దారి చెప్పలేక, కుటుంబం పట్టుబట్టడంతో టిప్స్‌కి ఒప్పుకున్నాం. నీరు సగానికి తగ్గింది. క్రియాటినిన్ ఒక్క పాయింటు కూడా దిగకపోగా నాలుగో నెలకి 2.4, మూడుసార్లు మతి తప్పి అడ్మిషన్లు, చివరికి విశాఖలో స్టెంట్ లోపల ఇంకో చిన్న స్టెంట్ పెట్టి దారి ఇరుకు చేయించాల్సొచ్చింది. తూము వేసి, మళ్లీ సగం మూసి. ఆ ఇంట్లో పొరపాటు నాదే అని ఇప్పుడు అనుకుంటా, "వద్దు, అల్బుమిన్‌తో నీరు తీయించుకుంటూ ఉందాం" అని ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది.

అందుకే ఇప్పుడు నీటితో వచ్చిన ప్రతివాళ్లనీ, వాళ్లది పలాసైనా పార్వతీపురమైనా, మొదట అడిగేది "పొట్ట రాకముందు ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించుకున్నారా?" అని. గల్ఫ్ వెళ్లడానికి చేయించిన మెడికల్ కావచ్చు, కంటి ఆపరేషన్‌కి ముందు చేసింది కావచ్చు, కాన్పుది కావచ్చు. పదిమందిలో ముగ్గురు నలుగురైనా ఏదో ఒకటి తెస్తారు.

కవిటి ఆయన మొన్న ఎనిమిదో నెల చూపుకి వచ్చాడు. 1.5. ఆవిడ ఆ చీటీ మడిచి 2019 చీటీతో కలిపి పిన్ను కొట్టింది, సంచీ కూడా మారింది, ఈసారి జిప్పుది. చేతులు చాపించాను, కదల్లేదు. కాయల లెక్క ఎలా ఉందని అడిగితే ఛాతీ విరుచుకుని, "మొన్న ఆరొందల నలభై కాయలు లెక్కెట్టినాను బాబూ, ఒక్కటి తేడా రాలేదు," అన్నాడు.

"రెండొచ్చినాయి," అంది ఆవిడ.

రెండు తేడా ఎవరికైనా వస్తుంది. రిఫాక్సిమిన్ మాత్రం ఆపుదామనుకున్నవాణ్ని ఇంకో మూడు నెలలకి రాసిచ్చాను.